మిగతా ఆరు పీరియడ్లు

కింది వాటాలో ఉండే ప్రసన్నకు ఈ మధ్యే టీచరు ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికందిన సాయంత్రమే మెట్లెక్కి పైకి వచ్చి, స్వీటు ముక్క నా నోట్లో పెట్టి, "ఆంటీ, క్లాసులో అందరూ ఒక్కలా ఉండరు గదా. ఎవరికి తగ్గ ప్రాజెక్టు వాళ్లకివ్వాలని ట్రైనింగులో తెగ చెప్పారు. ఎట్టా ఇవ్వాలో మాత్రం చెప్పలేదు. మీరు అట్లాంటివి చాలా చేశారంటగా?" అని అడిగింది. చేశానే తల్లీ అన్నాను. ఆ మాట అడిగేవాళ్లు నాకు ఎన్నాళ్లకు దొరికారో! కాఫీ కలిపిచ్చి, తోచిన నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆ పిల్ల మెట్లు దిగిపోయాక, సగమే చెప్పానని తోచింది. చెప్పకుండా మింగేసిన సగం ఇక్కడ రాస్తున్నాను.

నేను ఎప్పుడు చేరాను, ఎన్ని బదిలీలయ్యాయి, ఏ శాలువా ఎవరు కప్పారు, ఇవేవీ ఇందులో ఉండవు. అవి నాకే గుర్తుండవు, మీకెందుకు? రిటైరయ్యాక గుంటూరు బ్రాడీపేటలో ఈ పై వాటా తీసుకున్నాను. సాయంత్రం కోచింగ్ సెంటర్లు వదిలేసరికి సందు నిండా పిల్లలే. అందరి సంచుల్లో ఒకటే మెటీరియల్, అందరికీ ఒకటే పరీక్ష. బాల్కనీలో కుర్చీ వేసుకుని చూస్తుంటాను. ముప్పై ఏళ్లకు పైగా పిల్లల మధ్య బతికినదాన్ని, ఇప్పుడు రోజంతా నాతో మాట్లాడేది పాలబ్బాయి ఒక్కడే. అదీ "ప్యాకెట్ ఒకటేనా అమ్మా?" అని.

స్టాఫ్ రూమ్

మాది చీరాల. ఇంట్లో మగ్గం, నాన్న చేతినిండా రంగులు. అందులో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి పత్తీ మిరపా నాకు తెలిసిన పంటలు కావు. తొంభైల చివర్లో సత్తెనపల్లి అవతల ఒక ఊరి హైస్కూలుకు సోషల్ టీచరుగా వెళ్లాను. సత్తెనపల్లిలో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ ఎర్రబస్సులో వెళ్లి వచ్చేదాన్ని. పెళ్లెందుకు చేసుకోలేదని మీరు అడగకండి. అడగాల్సిన వాళ్లందరూ అడిగి అడిగి అలిసిపోయి మానేశారు.

నేను చేరిన కొన్నాళ్లకు, పిల్లలందరూ ప్రాజెక్టులు చెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఉత్తర్వు మంచిదే. మా స్కూల్లో అది ఎలా జరిగిందో చెప్తాను, నవ్వకండి. పిల్లలు సత్తెనపల్లి వెళ్లి ఫ్యాన్సీ షాపులో బొమ్మల కాగితం కొనేవాళ్లు. జాతీయ పక్షి, జాతీయ జంతువు, జాతీయ పుష్పం అన్నీ ఒకే కాగితం మీద ఉండేవి. కత్తిరించి చార్టు మీద అతికించేవాళ్లు. మేము సంతకం పెట్టేవాళ్లం. ఆ చార్టుల్ని చుట్టచుట్టి బీరువా పైన పడేసేవాళ్లం. ఒక ఏడాది ఆ బీరువా మీద నెమళ్ల మందే పోగైంది.

నా తొమ్మిదో తరగతిలో పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గడగడా చదివే పిల్లాడు ఉన్నాడు. తన ఇంటిపేరు రాయడానికి పక్కవాడి మొహం చూసే పిల్లాడూ ఉన్నాడు. ఇద్దరిచేతా ఒకటే నెమలి అతికించడం ఏం చదువు? అందుకని ఎవరి శక్తికి తగ్గ పని వాళ్లకివ్వాలని మొదలుపెట్టాను. ఇంటికెళ్లి కూర్చుని రాసేదాన్ని, చింపేదాన్ని, మళ్లీ రాసేదాన్ని.

మా లెక్కల మాస్టారు సుబ్బారావు గారిది పెద్ద గొంతు. ఆయన జోకేస్తే హెడ్మాస్టర్ గదిలోకి వినపడేది. నేను కాగితాలు సర్దుకుంటుంటే చూసి, "మేడానికేమండీ, ఇంటికెళ్తే మొగుడా పిల్లలా! ఎన్ని రకాలైనా వండి వార్చొచ్చు. మాకట్టా కుదరదు" అన్నారు. స్టాఫ్ రూమంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాట గుచ్చుకుంది, దాచడం దేనికి, చాలా లోతుగా గుచ్చుకుంది. ఆ మర్నాటి నుంచి నా క్యారియర్ క్లాసులోనే విప్పుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్లు పోయాక నన్ను రమ్మని పిలిచేవాళ్లూ లేకపోయారు. నాకదే బాగుందని నాకు నేనే చెప్పుకున్నాను.

మూడు రంగులు

జనవరి వచ్చిందంటే ఆ ఊళ్లో బడి సగం ఖాళీ. మిరప కోతలు. పొద్దున్నే తల్లుల వెంట పిల్లలూ చేలకు పోతారు. కోసిన కాయను కల్లంలో ఆరబోస్తారు. ఆరాక ఆడవాళ్లు, పిల్లలు గుంపుగా కూర్చుని తాలు ఏరతారు. తాలు అంటే రంగు విరిగి తెల్లబడిన కాయ. ఎర్రగా నిగనిగలాడే మేలు కాయ ఒక కుప్ప, తాలు ఒక కుప్ప. ఆ ఊళ్లో నడక వచ్చిన ప్రతి పిల్లకూ ఈ ఏరడం వచ్చు. నాకు మాత్రం అప్పటికి తెలియదు.

"మన ఊరి పంట" అని ప్రాజెక్టు పేరు పెట్టాను. బాగా చదివేవాళ్లకు, పంట చేలో నుంచి గుంటూరు మిర్చి యార్డుకు చేరేదాకా ఏమేం జరుగుతుందో వ్యాసం. మధ్యస్తంగా ఉన్నవాళ్లకు, రైతుల్ని ప్రశ్నలడిగి పట్టిక వేయడం. చదవడం రానివాళ్లకు, కాయ, గింజ, ఆకు తెచ్చి చార్టు మీద అతికించి కింద పేర్లు రాయడం. ఎవరి పని ఏదో తేలిగ్గా తెలియాలని మూడు రంగుల కాగితాల మీద రాశాను. ఎర్రవి కొన్నే ఉన్నాయి కాబట్టి బాగా చదివేవాళ్లకిచ్చాను. పసుపువి మధ్య వాళ్లకి. తెల్లవి దండిగా ఉన్నాయి, అవి మిగిలిన వాళ్లకి. రంగుల ఇంట్లో పుట్టినదాన్ని, రంగు అంటే నాకు రంగే.

కాగితాలు పంచడం పూర్తయిందో లేదో, వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "ఒరేయ్, తాలంతా అటుపక్క కూర్చోండిరా!" అని అరిచాడు. క్లాసు గొల్లుమంది. నాకేమీ అర్థం కాక ముందు బెంచీలో పిల్లను అడిగాను. ఆ పిల్ల సిగ్గుపడుతూ, "ఎర్రవి మేలు కాయలు మేడం. తెల్లవి తాలు. మీరు ఏరి పెట్టారుగా" అంది. నాకు తల కొట్టేసినట్టయింది. రాత్రుళ్లు కూర్చుని నేను చేసిన పనంతా అదేనన్నమాట, పిల్లల్ని ఏరి కుప్పలు పోయడం!

ఇక కోటేశ్వరి సంగతి. వాళ్లమ్మ అంకమ్మ మిరప కోతల ముఠాలో పనిచేసేది. ముఠా అంటే పది పదిహేను మంది కలిసి, ఒక చేను కోత అయ్యాక ఇంకో చేనుకి పోయే కూలీల జట్టు. కోటేశ్వరి పొద్దున తల్లితో కాసేపు కోసి, అక్కణ్ణుంచి బడికి పరుగెత్తుకొచ్చేది. ఎప్పుడూ ఆలస్యమే. వచ్చి కూర్చుని అరచేతులు రెండూ గోడకు ఆనించేది. మిరప ఘాటుకు చేతులు భగభగమంటుంటే గోడ చల్లదనానికి అట్లా పెట్టేదని కొన్నాళ్లకు తెలిసింది. చదవడం చూస్తే, ఒక్కో అక్షరం పట్టుకుని పోయేది. మాట చివరికి చేరేసరికి మొదలు మర్చిపోయేది.

ఆ పిల్ల తెల్లకాగితం పట్టుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"ఇది నాకొద్దు మేడం."

"ఎందుకే? నీకు బాగా తెలిసిన పనే గదా" అన్నాను.

"తెలుసు గాబట్టే వద్దంటన్నా. పొద్దున్నే మిరపకాయలే, ఇంటికాడ మిరపకాయలే, బళ్లోకొచ్చినా మిరపకాయలేనా? దీనికి బడెందుకు మేడం, చేలోనే ఉంటాగా."

"మరి నీకేం కావాలి?"

"ఎర్ర కాగితం వాళ్లకు ఏమిచ్చారో నాకూ అదే ఇవ్వండి."

"నువ్వు చదవలేవు గదే."

"చదవలేను. అందుకే గదా మేడం, వచ్చేది."

ప్రసన్నా, ట్రైనింగులో నీకు, పిల్లల బతుకులోంచే పాఠం మొదలుపెట్టమని చెప్పే ఉంటారు. చెప్పనీ, తప్పేం లేదు. కానీ ఆ పిల్లకు ఆ బతుకు బడి గంటల్లో కూడా కావాలో వద్దో ముందు కనుక్కో. చేతులు మండుతూ వచ్చిన పిల్ల చేతికి మిరపకాయలిచ్చి అతికించమన్నానంటే, నా తెలివిని ఏమనాలి? కోటేశ్వరి అడిగింది తేలిక పని కాదు. అందరూ పోయే చోటికే తననూ తీసుకుపోమని అడిగింది. మెల్లగా నడుస్తానంది, అంతే. వేరేవాళ్లకు వేరే పని ఇవ్వడమంటే వేరే ఊరికి పంపడం కాదని ఆ పిల్ల దగ్గర తెలుసుకున్నాను.

బస్సుల బోర్డులు

రంగు కాగితాలన్నీ వెనక్కి తీసుకున్నాను. క్లాసంతటికీ ఒకటే ప్రశ్న ఇచ్చాను: మన ఊరివాళ్లు ఎక్కడెక్కడికి పోతారు, ఎందుకు పోతారు? చార్టులు కలిపి కుట్టి వెనక గోడ నిండా ఒక పటం వేలాడదీశాను. మధ్యలో మా ఊరు చిన్న చుక్క. మిగతాదంతా ఖాళీ. దాన్ని అందరూ కలిసి నింపాలి.

ఎవరు ఏ స్థాయో నేను చెప్పలేదు. పనులన్నీ బోర్డు మీద రాసి, ఎవరికి కావాల్సింది వాళ్లను తీసుకోమన్నాను. ఇల్లిల్లూ తిరిగి అడగాలి. ఆస్పత్రికెంతమంది, కోర్టుకెంతమంది, కాలేజీకెంతమంది పోతారో లెక్క తీసి గీతలు గీయాలి. ఎందుకు పోతున్నారో రాయాలి. బస్టాపులో నిలబడి ఏ బస్సు ఎటు పోతుందో రాసుకు రావాలి. బస్సుల పేర్లు రాకపోతే పటం మీద దారులు పడవు. దారులు పడకపోతే వ్యాసం రాసేవాడికి రాయడానికేమీ ఉండదు. అలా ఒకళ్ల పని కోసం ఇంకొకళ్లు ఎదురుచూడాలి. నేను ఇవ్వాల్సిన సాయం మాత్రం ఎవరికి ఎంత కావాలో అంతే, ఎవరి పక్కన కూర్చుని వాళ్లకే, పైకి కనపడకుండా ఇచ్చాను. ప్రసన్నా, ఈ ఒక్క పేరా బాగా చదువుకో. నా వృత్తి మొత్తంలో నాకు తెలిసిన విద్య ఇంతే.

కోటేశ్వరి బస్టాపు తీసుకుంది. ముఠాతో ట్రాక్టరెక్కి ఎన్నో ఊళ్లకు పోయిన పిల్లే, కానీ ట్రాక్టరుకు బోర్డుండదుగా. మొదట్లో కండక్టర్ని అడిగి రాయించుకొచ్చేసింది. "దొంగ లెక్క మేడం!" అని మిగతావాళ్లు ఫిర్యాదు చేశారు. "అడక్కూడదని మేడం చెప్పలేదుగా" అని వాళ్లమీద లేచింది. మాట నిజమే, చెప్పలేదు. అప్పుడు చెప్పాను, బోర్డు మీద ఎట్లా ఉంటే అట్లా నీ చేత్తోనే దించుకురా అని. దించడం మొదలుపెట్టాక బస్సుతో చిక్కొచ్చింది. పుస్తకమైతే ఆగుతుంది, బస్సు ఆగదు. ఒక్కో అక్షరం కూడబలుక్కునే లోపే దుమ్ము లేపుకుంటూ పోతుంది. తప్పనిసరై మాటను మాటగా ఒక్క చూపులో పట్టుకోవడం నేర్చుకుంది. నేను ఎన్ని నెలలు చెప్పినా రానిది, మాచర్ల బస్సు నేర్పింది.

ఒక సాయంత్రం నేను నా బస్సు కోసం నిలబడ్డాను. దూరాన ఎర్రగా కనపడేసరికి సంచి భుజాన వేసుకుని ముందుకు నడిచాను. వెనకనుంచి ఒక్క కేక.

"మేడం! అది మీది కాదు! నరసరావుపేటది!"

నాకింకా బోర్డు మసకగానే ఉంది. దగ్గరికొచ్చాక చూస్తే నిజంగానే నరసరావుపేట. కోటేశ్వరి బడి గోడమీద కూర్చుని కాళ్లూపుతూ, "చెప్పాగా!" అని పళ్లికిలించింది. ఆ తర్వాత వచ్చిన నా బస్సులో సీటు దొరకలేదు. సత్తెనపల్లి దాకా కమ్మీ పట్టుకుని నిలబడే, పిచ్చిదానిలా నవ్వుకుంటూ వెళ్లాను. గది తాళం తీశాక ఎవరికైనా చెప్పాలనిపించింది. ఎవరికి చెప్పాలి? స్టవ్ వెలిగించి అన్నానికి పడేశాను. ఆ ఆనందం ఆ రాత్రంతా నోట్లోనే ఉండిపోయింది.

హెడ్మాస్టర్ గారి పరీక్ష

మా హెడ్మాస్టర్ గారు చెడ్డవాడు కాదు. బడికి నీళ్ల కుళాయి తెప్పించింది ఆయనే, ఆడపిల్లలకు మరుగుదొడ్డి కట్టించింది ఆయనే. కానీ పదో తరగతి ఫలితాలంటే మనిషి మారిపోయేవాడు. నూటికి నూరు రావాలి. దానికాయనకు తెలిసిన దారి, తొమ్మిదిలోనే వెనకబడ్డ పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి, "ప్రైవేటుగా కట్టించండి" అని బుజ్జగించి పంపించెయ్యడం. అట్లా పంపించిన పిల్లలు పరీక్ష కట్టడం నేనెన్నడూ చూడలేదు. చేలో చూశాను.

ఆ ఏడాది ఆయన ముందు ఉన్న జాబితాలో మొదటి పేరు కోటేశ్వరి. ఆ పేరు కొట్టెయ్యమని అడగడానికి వెళ్లాను.

"మేడం గారూ, మీరంటే నాకు గౌరవమండీ. కానీ ఆ పిల్ల పది గట్టెక్కుతుందని మీరు గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలరా?" అని అడిగారు.

"గట్టెక్కుతుందని చెప్పలేనండి. చదవడం మొదలుపెట్టిందని చెప్పగలను."

ఆయన కాసేపు పెన్ను తిప్పి, "సరే. తల్లిని రమ్మనండి. నేనే పేజీ తీస్తే ఆ పేజీ చదవాలి. చదివితే పదిలో కూర్చోబెడతాను. చదవకపోతే మీరు నన్ను మళ్లీ అడగకూడదు" అన్నారు.

అంకమ్మ చేలోంచే వచ్చింది, తలకు కట్టుకున్న గుడ్డ కూడా విప్పలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "పంతులుగారూ, బళ్లో దానికి చదువొస్తంటే ఉంచుకోండి. ఊరికే కూర్చుంటానికైతే నా ఎంబడి వస్తది. నాకూ ఆసరా" అని ముందే చెప్పేసింది. అంత సూటిగా మాట్లాడే మనిషిని చూస్తే నాకు ముచ్చటేసింది, భయమూ వేసింది.

హెడ్మాస్టర్ గారు సోషల్ పుస్తకం నడిమికి తెరిచి ఇచ్చారు. నదుల పాఠం. కోటేశ్వరి వేలు పెట్టి మొదలుపెట్టింది. మెల్లగా, ఆగి ఆగి, కానీ మాటలుగా. ఒక పొడుగాటి మాట దగ్గర ఆగిపోయింది. కళ్లు చికిలించి, పుస్తకాన్ని కాస్త దూరం పెట్టి చూసి, ఒక్క ఊపున అనేసింది. బస్సు బోర్డును చూసినట్టే చూసిందని నాకు ఒక్కదానికే తెలుసు. హెడ్మాస్టర్ గారు మధ్యలో ఒక్కసారీ తొందరపెట్టలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. పేరా అయ్యాక పుస్తకం మూసి, "కూర్చోబెట్టండి మేడం" అన్నారు.

అంకమ్మ నా వైపు వంగి గుసగుసగా, "పంతులమ్మగారూ, నిజంగా చదివిందా, బట్టీ కొట్టిందా?" అని అడిగింది.

"నిజంగానే చదివిందమ్మా."

"అయితే ఈసారి కోతలకు పిలవనులే" అంది. కూతురి నెత్తిన ఒకటి మొట్టి, గబగబా చేలోకి వెళ్లిపోయింది.

పదో తరగతి

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. ట్రైనింగుల్లో నన్ను మాట్లాడమంటే ఇక్కడిదాకానే చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్లు.

పదో తరగతి అంటే ఇంకో లోకం. పొద్దున స్పెషల్ క్లాసు, సాయంత్రం స్పెషల్ క్లాసు, మధ్యలో స్లిప్ టెస్టులు. అందరికీ ఒకటే గైడు, ఒకటే జవాబు. నా పీరియడ్‌లో మాత్రం నేను నా పద్ధతే నడిపించాను. పాఠానికొక ప్రశ్న, దానికి తలా ఒక దారి. కోటేశ్వరి ఆ గంటలో పటాలు గుర్తించేది, పక్కపిల్లతో పోట్లాడేది, చెయ్యెత్తేది. పిల్ల దారిలో పడిందని నేను మురిసిపోయాను.

మిగతా పీరియడ్లలో వరండాలో నడుస్తూ కిటికీలోంచి చూసేదాన్ని. లెక్కల్లో, ఇంగ్లీషులో, సైన్సులో బోర్డు మీదున్నది ఒక్క ముక్క అర్థం కాకుండా దించుకుంటూ కూర్చునేది. కొన్నాళ్లకు దించడం కూడా మానేసి తల వంచుకుని కూర్చునేది. చూసి ముందుకెళ్లిపోయేదాన్ని. అది వాళ్ల క్లాసు, నేనెట్లా దూరతాను? నా క్లాసులోకి వాళ్లెవరూ రాలేదు, వాళ్ల క్లాసులోకి నేనెందుకు పోవాలి? అట్లా ఉండేది నా వాలకం.

జనవరిలో కోటేశ్వరి బడికి రావడం మానేసింది. ఒకరోజు రెండురోజులంటే ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. వారం దాటాక బడి వదలగానే చేనుకు వెళ్లాను. చేను చివర నాలుగు సాళ్లే మిగిలాయి, ముఠా అంతా వంగి కోస్తున్నారు. అంకమ్మ నన్ను చూసి నడుం ఎత్తి, "నేను పిలవలేదమ్మా. నా మీద ఒట్టు. అదే వస్తానంది" అంది.

కోటేశ్వరి గట్టు మీదకొచ్చి నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఏందే ఇది? నెలన్నర ఓపిక పట్టవే. పటాలన్నీ బాగా గుర్తిస్తున్నావు గదా. నా సబ్జెక్టు నువ్వు ఖాయంగా పాసవుతావు" అన్నాను.

"మీ పీరియడ్ బాగానే ఉంటది మేడం" అంది.

"మరి?"

"రోజుకు మీది ఒక్కటే గదా మేడం. మిగతా ఆరు పీరియడ్లు నేనేం చెయ్యాల?"

కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది, నేను టీచర్ని కాబట్టి నాకు తెలిసి ఉంటుందనుకుంది. "రేపు రా, చూద్దాం" అన్నాను. అది జవాబు కాదని ఆ పిల్లకూ తెలుసు. తలూపి మళ్లీ సాల్లోకి దిగింది.

బస్సులో కూర్చున్నాక ఏడుపొచ్చింది. పక్కనున్నావిడ మిరప ఘాటేమోనని కిటికీ తెరిచింది.

మర్నాడు మొదటిసారి స్టాఫ్ రూములో సుబ్బారావు మాస్టారి టేబుల్ దగ్గరికి వెళ్లాను. "మాస్టారూ, ఒక సాయం కావాలి" అన్నాను. ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నారు, ఇంకెవరినో అడుగుతున్నాననుకుని. సంగతంతా చెప్పాను. పెద్ద గొంతు మనిషి గొంతు తగ్గించారు.

"ఇన్నేళ్లలో మీరు నన్ను ఒక్క మాట అడగలేదు మేడం. ఆ గోడమీద పటం గూడా నాకు పిల్లలే చూపించారు. మీరు చూపించలా" అన్నారు.

"మీరు నవ్వారు గదండీ."

"నవ్వాను. నేను అందర్నీ చూసి నవ్వుతా. మొన్న హెడ్మాస్టర్ గారి కొత్త చెప్పులు చూసి గూడా నవ్వా. దానికి మీరు ఇన్నేళ్లు క్లాసులో కూర్చుని అన్నం తింటారా?"

ఏమనాలి? సాయంత్రం నాతో చేనుదాకా వస్తారా అని అడిగాను.

ఆ సాయంత్రం ఆయనా నేనూ కలిసి చేనువైపు నడిచాం. దారంతా ఆయనే మాట్లాడారు. "ఆ పిల్లకు బస్సులంటే ఇష్టమంటన్నారుగా. కాలం-దూరం లెక్కలు బస్సుల మీదే ఇద్దాం. రేఖాగణితం మీ పటం మీద దారులతోనే చెప్తా. పాసు మార్కులకు అన్ని చాప్టర్లూ అక్కర్లేదు మేడం, ఏవి చాలో నేను ఏరి పెడతా. ఇంగ్లీషు మేడాన్ని నేనడుగుతాలే, మా మాట కాదనదు" అంటూ చేతులూపుతున్నారు. నాలాగా ఆలోచించే మనిషి పక్కటేబుల్ దగ్గరే ఉన్నాడని తెలిసి సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు.

చేను ఖాళీగా ఉంది. కోత అయిపోయింది. మొక్కల మీద అక్కడక్కడా పచ్చికాయ తప్ప ఏమీ లేదు. రైతు కల్లంలో పట్టాలు సర్దుతూ, "పొద్దున్నే ముఠా అంతా ట్రాక్టరెక్కి పోయారమ్మా. ప్రకాశం జిల్లా వైపు. ఏ ఊరో నాకు తెలవదు. అక్కడ ఐపోతే ఇంకోచోటికి పోతారు" అన్నాడు. ఇంటికి వెళ్లి చూశాం. తాళం. మాస్టారు ఆ తాళాన్ని చేత్తో ఒకసారి ఊపి చూశారు.

హాల్ టికెట్ తీసుకోవడానికి కూడా కోటేశ్వరి రాలేదు. ఆ ఏడు పరీక్ష రాసినవాళ్లంతా పాసయ్యారు. స్కూలుకు నూటికి నూరు వచ్చిందని మిఠాయి పంచారు. నేనూ తిన్నాను, తినకేం. వేసవిలో అంకమ్మ ఒక్కతే తిరిగొచ్చింది. పిల్లను అక్కడే మేనత్త దగ్గర వదిలి వచ్చానంది. చదువు సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

జూన్‌లో బళ్లు తెరవగానే సుబ్బారావు మాస్టారు తన కుర్చీ మోసుకొచ్చి నా క్లాసులో వేసుకున్నారు. ఆ ఏడాది నుంచి సోషలు, లెక్కలు ఒకే ప్రశ్న మీద నడిపించాం. రెండేళ్లకు ఇంగ్లీషు మేడం కూడా కలిసింది. ముగ్గురం కొట్టుకునేవాళ్లం, అరుచుకునేవాళ్లం. నా ఉద్యోగంలో నాకు మనుషులు దొరికిన రోజులు అవే. నన్ను బదిలీ చేసేదాకా అట్లాగే సాగింది.

ప్రసన్నా, ఇదే నీకు కాఫీ ఇస్తూ మింగేసిన సగం. ప్రాజెక్టులు ఎట్లా రాయాలో నువ్వు నేర్చుకుంటావు, అదేమంత బ్రహ్మవిద్య కాదు. ఒక్కదానివే కూర్చుని రాయకు. నవ్వేవాళ్ల దగ్గరికే వెళ్లి అడుగు. మొదటి నెలలోనే అడుగు, పిల్ల బడి మానేశాక కాదు.

ఆ తర్వాత వచ్చిన పిల్లలకు రోజుకు రెండు పీరియడ్లు దొరికాయి, కొందరికి మూడు. కోటేశ్వరికి ఒక్కటే దొరికింది.